నూటపన్నెండో వరుస

మిట్టమధ్యాహ్నం! భాద్రపద బహుళ అమావాస్య! మనిషి నీడ మనిషి పాదాల కిందే ముడుచుకుని దాక్కునే ఘడియ... పితృదేవతలు వాయురూపంలో గడప దగ్గరికి వచ్చి, తమ పేరున పెట్టే ముద్ద కోసం నిరీక్షించే ఘడియ... అర్ధరాత్రి తిరిగేవాటికన్నా క్రూరమైనవి పట్టపగలే సంచరించే ఘడియ!

రెండువేల సంవత్సరం అది. మదనపల్లెలో ఆ రోజు ఎండా లేదు, వానా లేదు. ఆకాశం అడుగంటిన తపేలాలాగా మసిబారిపోయింది. కొండల వెనక ఎక్కడో ఉరుము, గొంతులోనే నలిగిపోయే ఏడుపులాగా గుడగుడమంటోంది...

మునెమ్మ మిద్దె మీద విస్తరి ముందు నిలబడి ఉంది. తెల్లవారకముందే తలకు పోసుకుని, తడిచీరతో వండిన వంట అది. "కా... కా... రాండి..." అని పిలిచి పిలిచి ఆమె గొంతు బొంగురుపోయింది. ఒక్క కాకి రాలేదు! వడియాలు ఎండబెడితే కర్రతో తరిమినా పోని కాకులు, ఆ పూట వీధి మొత్తంలో ఒక్క రెక్క కూడా ఆడించలేదు. వాటికి బదులు నీళ్ళ తొట్టి అంచున... పట్టపగలు... గుడ్లగూబ! రెప్ప వేయని రెండు పసుపుపచ్చ కళ్ళు ఆమెనే చూస్తున్నాయి.

అప్పుడు కింద ఇంట్లోంచి వినబడింది ఆ పిలుపు.

"అమ్మా... మిద్ది మీద ఉండావా?"

మునెమ్మ చేతిలోని చెంబు జారి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. అది ఆమె కొడుకు లోకేష్ గొంతు! లోకేష్ సిపాయి. కార్గిల్ కొండల్లో చనిపోయి అప్పటికి పదిహేను నెలలు!

పడుతూ లేస్తూ ఆమె కిందికి పరుగెత్తింది. నడింట్లో కూతురు అంబిక మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళు పైకి తేలిపోయాయి, పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి వదిలితే పొగ వస్తోంది... ఉక్కతో ఊరంతా ఉడికిపోతుంటే, ఆ పిల్ల నోట మంచుదేశపు పొగ! ఆ నోట్లోంచి వస్తున్నది మాత్రం మగపిల్లవాడి గొంతు.

"సలిగా ఉండాదమ్మా... ఎవురో నన్ను పేరు పెట్టి పిలస్తాండారు. రానంటే గొలుసేసి లాగతాండారు..."

ఇంకొకరైతే కెవ్వుమని అరిచి వేపమండలకో, విభూతికో పరుగెత్తి ఉండేవారు. మునెమ్మ అలా చేయలేదు. పిల్ల ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "వచ్చినావా నా బంగారూ!" అంది. కన్నకడుపు కదా... భయంకన్నా సంతోషమే ముందు పుట్టింది. ఏం చెప్పమంటారు, ఆ సంతోషమే ఆ రోజుకు ఆమె పాలిట పెద్ద గండమైపోయింది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఆమె భర్త జయచంద్ర సంగతి చెప్పుకోవాలి. రిజిస్టర్లకు, కాలేజీ పుస్తకాలకు అట్టలు కట్టే బైండింగు అంగడి ఆయనది. చదివింది ఎనిమిదో తరగతి. అయినా రెండు వందల ఏళ్ళ నాటి యుద్ధాల పుస్తకం ఫలానా చోట ఉందని తెలిస్తే చాలు, కంచం ముందునుంచి లేచిపోయేవాడు. హైదరు, టిప్పు, కుంఫిణీ పటాలాలు, గుర్రంకొండ ముట్టడి... వీటి మీద లండన్‌లో అచ్చయిన పుస్తకాలను పుంగనూరు పాత ఇళ్ళ అటకల మీద, కుప్పంలో రైలుకట్ట పక్క పాతసామాన్ల అంగళ్ళలో వెదికి వెదికి తెచ్చేవాడు. కాగితాన్ని వెలుతురుకెత్తి లోపలి గీతలు చూసి, వేలితో నిమిరి, వాసన పీల్చి, "ఇది గుడ్డపీలికల కాగితం, పదిహేడొందల తొంభైలది" అని తేల్చేవాడు. ఇంగ్లీషును అక్షరమక్షరం కూడబలుక్కునేవాడు. ఆ కాలపు అచ్చులో ఎస్ అక్షరం ఎఫ్ మాదిరి ఉంటుందని ఎవరో చెప్పేదాకా ఒక ఏడాది మొత్తం తప్పే చదివాడు, పాపం.

"నీ పుస్తకాల్లో గుర్రాలకు గడ్డి గూడా నన్నే ఎయ్యమంటావేమి?" అని మునెమ్మ ఎగతాళి చేసేది.

"నువ్వు ఎయ్యబాకమ్మో! నీ సేతి గడ్డి తింటే అవి యుద్ధం మానేసి ఈడనే పండుకుంటాయి" అని ఆయన నవ్వేవాడు.

పురుగు పట్టకుండా ఆ పుస్తకాల మధ్య వసకొమ్ములు, ఎండు వేపాకు. తడిచేత్తో ముట్టుకోకూడదు. పెన్సిలు గీత కూడా గీయకూడదు. అది ఆ ఇంటి శాసనం. కోట పటం నేల మీద పరుచుకుని, బోర్లా పడుకుని, నాయన చెప్పే ముట్టడి కథలు వింటూ పెరిగినవాడే లోకేష్. పద్దెనిమిదేళ్ళకే సైన్యంలోకి పోయాడంటే వింతేముంది?

వాటన్నిట్లోకి జయచంద్రకు ప్రాణమైనది అచ్చుపుస్తకం కాదు, కడితం. గుడ్డకు బొగ్గు, చింతగింజల జిగురు పూసి, పలకలాగా నల్లగా చేసి మడతలు పెట్టిన పుస్తకం. దాని మీద బలపంతో తెల్లగా రాసిన ఒక గుర్రపుదళం హాజరీ. నూటపదకొండు మంది. ఒక్కొక్కరికి ఒక్కో వరుస... పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద గుర్తు, ఎక్కిన గుర్రం రంగు. గుర్రంకొండ కింద ఒక్క పగటిలో అందరూ కూలిపోయారని చివర రాసి ఉంది. ఆ కింద ఒక వరుస ఖాళీ.

కొడుకు పెట్టెలో వచ్చిన తర్వాత, ఒకనాటి సాయంత్రం, జయచంద్ర తన శాసనాన్ని తానే ఉల్లంఘించాడు. ఆ ఖాళీ వరుసలో బలపంతో రాశాడు... 'లోకేష్. తండ్రి జయచంద్ర. ఊరు మదనపల్లె. ఎడమ కనుబొమ్మ మీద గాటు.' గుర్రం రంగు దగ్గర ఏం రాయాలో తోచక వదిలేశాడు. వీరుల సరసన బిడ్డ పేరు నిలుస్తుందనే ఆశ తప్ప ఆ తండ్రి మనసులో మరేమీ లేదు. కానీ హా...! అది కేవలం హాజరీ పుస్తకమా? మృతుల పట్టిక! పేరు, తండ్రి, ఊరు, గుర్తు... ప్రేతాన్ని కట్టివేయడానికి క్షుద్రోపాసకుడికి ఇంకేం కావాలి?

ఆ క్షుద్రోపాసకుడు రానే వచ్చాడు. కుప్పం అవతల మూతబడిన గ్రానైటు గనికి కావలి కాసే మారప్ప. పాతపుస్తకాలు కొని అమ్ముతానని చెప్పుకుని తిరిగేవాడు. అమావాస్యకు తొమ్మిది రోజుల ముందు అంగట్లోకి వచ్చి, సంచిలోంచి ఒక తోలు అట్ట పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. మైసూరు యుద్ధాల చరిత్ర, రెండో సంపుటం! మొదటిదీ మూడోదీ ఇంట్లో పెట్టుకుని, ఆ నడిమిదాని కోసం జయచంద్ర పద్నాలుగేళ్ళుగా తపస్సు చేస్తున్నాడు.

"డబ్బులొద్దప్పా. నీ కడితం ఒక్కసారి ఇయ్యి. నకలు రాసుకోని అమావాస్య పొద్దుగూకేలోగా తెచ్చిస్తా" అన్నాడు మారప్ప.

పుస్తకం పట్టుకునే తీరును బట్టి మనిషిని అంచనా కట్టే జయచంద్ర, ఆ రోజు మనిషిని చూడనేలేదు. పుస్తకాన్నే చూశాడు. కడితం ఇచ్చేశాడు!

మూడో రోజు బైరెడ్డిపల్లె పొలాల్లో ఒక మనిషి శవమై కనిపించాడు. ఎప్పుడో మారప్పను నలుగురిలో చెప్పుతో కొట్టినవాడు. రొమ్ము నిండా గుర్రపు గిట్టల దెబ్బలు... చుట్టుపక్కల పది ఊళ్ళలో ఒక్క గుర్రం లేదు! పేపరులో ఆ వార్త చదివినప్పుడు కూడా జయచంద్రకు అనుమానం రాలేదు.

ఇప్పుడు, అమావాస్య మధ్యాహ్నం, నడింట్లో నిలబడి కూతురి నోట కొడుకు గొంతు విన్నాడు ఆయన.

"నాయనా... మారప్ప పుస్తకం సదవతాండాడు. ఆ నూటపదకొండు మందీ ఆడ గుంతలో నిలబడిపోయినారు. ఆళ్ళ ఎముకలు గుర్రంకొండ మట్టిలో ఉండాయంట. నా బూడిద ఏట్లో కలిపేస్తిరే... నిలబడేదానికి తావు లేక సెల్లెలి ఒంట్లోకొచ్చినా. పొద్దు మునిగితే ముద్ర ఏస్తాడంట. అప్పటికి సెల్లి ప్రాణం ఒత్తి మాదిరి కాలిపోతాది నాయనా..."

"ఏమయ్యా! ఏ పుస్తకం? ఏం రాసినావు?" అని అరిచింది మునెమ్మ.

ఆయన చెప్పాడు. దాచకుండా అంతా చెప్పాడు. ఆమె తిట్టలేదు, కొట్టలేదు. "రెండో పుస్తకానికి నా బిడ్డను బదులిచ్చినావా?" అని మాత్రం అంది. ఆ మాట మీదే ఆయన బండి కోసం వీధిలోకి పరుగెత్తాడు.

మారప్ప కావలి కాసే ఆ కుప్పం గనికి పోవడానికి పక్కవీధి వెంకటముని ట్రాక్స్ జీపు తీశాడు. వెనక సీట్లో అంబిక తల మునెమ్మ ఒడిలో. పుంగనూరు దాటారు. మేఘాలు ఇంకా కిందికి దిగాయి... ఫెళఫెళమని పిడుగు! రోడ్డు పక్క కంపచెట్లలోంచి గుడ్లగూబల అరుపులు! ఎక్కడినుంచో గుర్రాల గిట్టల చప్పుడు, జీపుతో పాటే, జీపుకు ఎడంగా... వెంకటముని అద్దంలో చూడడం మానేసి ఆంజనేయ దండకం అందుకున్నాడు.

ఇంత ఘోరంలోనూ, ఒడిలోని గొంతు చిన్న చిన్న సంగతులు అడుగుతూనే ఉంది.

"అమ్మా, నా సైకిలు ఎవురికన్నా ఇచ్చేస్తివా?"

"యాడిస్తాను నాయనా. దినాము తుడస్తానే ఉండా."

"టైర్లలో గాలి పోయుంటాది లే. పిచ్చిదానివి, యాల తుడిసేది?"

మునెమ్మ నవ్వింది. పదిహేను నెలల తర్వాత నవ్వింది! ఆ నవ్వులోనే చేయి కూతురి మెడకు తగిలింది. మంచుగడ్డ! నాడి ఎక్కడో దూరంగా, బావి అడుగున చేద తగిలినట్టు కొట్టుకుంటోంది. అయినా, వెంకటగిరికోట దాటేటప్పుడు ఆమె మనసులో ఒక పాపపు కోరిక మెదిలింది... ఈ దారి ఇట్లే ఉంటే బాగుండును, కుప్పం రాకుండా ఉంటే బాగుండును అని. ఆ కోరికకు తర్వాత ఆమె తనను తాను ఎన్నిసార్లు శపించుకుందో లెక్కలేదు.

కుప్పం అవతల ఆ గని... భూమిని చదరంగా కోసి రాయిని ఎత్తుకుపోయిన మహాగహ్వరం! నాలుగు పక్కలా నిలువునా నల్లటి రాతిగోడలు, ఏ నరకానికో కట్టిన కోటలాగా. అడుగున రక్తపు ముగ్గు, కోసిన నల్లకోడి తల, నూటపదకొండు దీపాలు. నడుమ సిందూరం పూసిన కపాలం. దాని ముందు దిగంబరంగా, ఒళ్ళంతా చితాభస్మం పూసుకుని మారప్ప! ఒడిలో కడితం. ఇక చుట్టూ... ఒళ్ళు లేని నీడలు! తలపాగాల నీడలు, బల్లేల నీడలు, సకిలించని గుర్రాల నీడలు... వరుసలు తీరి నిలబడి ఉన్నాయి! దంపతులిద్దరూ పిల్లను మోసుకుని ఆ అడుగుకు దిగారు, మునెమ్మ ఆమెను ఒడిలో పెట్టుకుని నేల మీద కూలబడింది.

"రా తల్లీ! నా ఆఖరి బంటును ఒళ్ళోబెట్టుకోని నువ్వే తెచ్చినావే!" అని మారప్ప వికటాట్టహాసం చేశాడు. కపాలం దవడ కదిలింది. "కుప్పం కాడనుంచి మదనపల్లె దాకా ఇంక నా మాటకు ఎదురుండదు!"

"నా బిడ్డల్ని ఇడ్సిపెట్టు రా!"

"బిడ్డల్నా? ఒకరినే అడుగు." వాడి గొంతు తేనెలో ముంచినట్టు మెత్తబడింది. "ఇను తల్లీ. ఆడపిల్ల యాడికైనా పొయ్యేదే. ఈ పిల్లను నాకు ఇడ్సిపెట్టు. నీ కొడుకును నీ ఇంటికాడనే కాపలా పెడతా. అమాసకొకసారి నీతో మాట్లాడతాడు, నువ్వు పెట్టింది తింటాడు. పదిహేను నెల్లుగా ఏడస్తాండావే... ఇంక ఏడ్సే పని లేదు."

ఉరుమూ లేదు, గాలీ లేదు, సర్వప్రకృతీ ఆ తల్లి జవాబు కోసం స్తంభించిపోయింది. దాచి లాభం లేదు, ఆ క్షణాన ఆమె ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. తల్లుల గుండెల్లో ఎంత చీకటి ఉంటుందో ఆ దేవుడికే తెలుసు...

అప్పుడు ఒడిలోంచి సన్నగా వినబడింది. "అమ్మా... నాకు సలి అలవాటే. సెల్లికి అలవాటు లేదు. సూడు, ఎట్లా వణకతాండాదో."

మునెమ్మ లేచి నిలబడింది! జడ విడిపోయింది. కళ్ళలో అగ్నిశిఖలు!

"ఒరే మారప్పా! నీ పుస్తకంలో నాయన పేరు ఉండాది, ఊరి పేరు ఉండాది, గుర్రం రంగు గూడా ఉండాది. కన్నామె పేరు యాడుండాది రా?" అని గర్జించింది. తర్వాత ఆ నీడల వైపు తిరిగింది. గొంతు ఒక్కసారిగా మారిపోయింది... పొద్దుగూకినా ఇంటికి రాని పిల్లలను వీధిలో నిలబడి పిలిచే గొంతు. "నాయన్లారా! మీకు ఎవురూ చెప్పలేదేమో. యుద్ధం అయిపోయింది. ఎప్పుడో అయిపోయింది. మీ అమ్మలు రెండొందల ఏండ్లుగా అన్నం ఏసుకోని కూసోనుండారు. ఇంగ ఇండ్లకు రాండప్పా!"

వరుసల్లో ఒక కదలిక... రెండు శతాబ్దాల నిట్టూర్పు!

"కదలబాకండి! నా ఆజ్ఞ!" అని మారప్ప కడితం ఎత్తి పేర్లు చదవబోయాడు. అదే అదనుగా జయచంద్ర వాడి మీద పడ్డాడు. అరవై ఏళ్ళకు దగ్గర పడిన మనిషి, జీవితంలో ఎవరి మీదా చెయ్యి చేసుకోనివాడు, ఆ కడితాన్ని లాక్కుని వెనక్కి పరుగెత్తాడు. ఆకాశం భళ్ళుమని పగిలింది. కుండపోత! పుస్తకం మీద తడిచెయ్యి పడితే కన్నబిడ్డలనే కసిరిన ఆ మనిషి, మడతలన్నీ విప్పి, కడితాన్ని రెండు చేతులా వానకు అడ్డంగా చాచి పట్టాడు!

బలపం రాత కరగసాగింది. మొదటి పేరు... తెల్లటి పాలచుక్కలాగా జారిపోయింది. ఒక దీపం ఆరింది. ఒక నీడ కట్లు తెంచుకుంది. రెండో పేరు... పదో పేరు... యాభై... నూరు! విడుదలైన నీడలన్నీ ఒక్కుమ్మడిగా మారప్ప వైపు తిరిగాయి!

"నా బంట్లు! నా సైన్యం! వద్దూ... వద్దూ...!"

నూటపదకొండు గుర్రాలు! గని గోడలు మారుమోగేలా గిట్టల ఘోష! కపాలం పిండి పిండి అయింది. ఒక్క ఆర్తనాదం, మిన్నంటి, తెగిపోయింది. వాన తెర తొలగేసరికి మారప్ప నీళ్ళలో వెల్లకిలా పడి ఉన్నాడు. ఒంటి మీద గీత లేదు. ప్రాణం లేదు. వాడి చుట్టూ, వాన నీళ్ళ కింద, నల్లరాతిలో అంగుళం లోతున గిట్టల గుర్తులు!

నీడలు లేవు. అంతా వెళ్ళిపోయారు... ఒక్కడు తప్ప. అంబిక పెదవులు ఇంకా నీలంగానే ఉన్నాయి.

కడితం మీద చిట్టచివరి వరుస చెరగలేదు. జయచంద్ర బొటనవేలు దాన్ని కప్పి ఉంది.

"ఏమయ్యా, ఏలు తియ్యి."

"నా సేతి రాత మునీ... వాని పేరు ఇంగెప్పుడు రాస్తాను?" ఆయన చంటిపిల్లవాడిలాగా ఏడుస్తున్నాడు. మునెమ్మ ఆ వేలిని తన చేత్తో పట్టుకుని మెల్లగా, మెల్లగా ఎత్తింది. వాన చినుకు పడింది.

"అమ్మా, నువ్వు సెప్పాల. నువ్వు పంపీకుంటే నేను కదల్లేను."

"పోయిరా నాయనా" అంది. అలవాటు! వాకిట్లోంచి ఎవరు బయలుదేరినా ఆ నోటికి వచ్చే మాట అదే. సైన్యానికి పోయే రోజు కూడా అదే అంది. అంతే, అంబిక ఒళ్ళు విల్లులాగా వంగి ఎగిరిపడింది!

"రమ్మంటే రావాల గదమ్మా... సెల్లి తట్టుకోలేదు. సరింగా సెప్పు."

ఏ తల్లి అయినా గడప దగ్గర బిడ్డతో అనే మాటేనా అది? ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ కదిలాయి. మూడోసారికి, కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని అంది.

"పో నాయనా. పో. ఇంగ రావద్దు."

ఒక వెచ్చని ఊపిరి ఆమె చెంపను తాకి వెళ్ళింది. కడితం నల్లగా, ఒక్క అక్షరం లేకుండా, జయచంద్ర చేతుల్లో వేలాడింది. అంబిక దగ్గింది, కళ్ళు తెరిచింది. "మా... ఈ వానలో యాల కూసోనుండాము?" అంది.

తిరుగుదారిలో, పిల్ల ఆకలి అంటే, వెంకటగిరికోట బస్టాండు దగ్గర జీపు ఆపారు. వెంకటముని ఇంకా దండకం వదల్లేదు, బండి దిగనన్నాడు. తడిసిన బట్టలతోనే లోపలికి పోయి బెంచీ మీద కూర్చున్నారు. హోటలు యజమాని ఆకులు చేత పట్టుకుని వచ్చి, "ఎంతమంది తల్లీ?" అని అడిగాడు.

జయచంద్ర తల దించుకున్నాడు. అంబిక అమ్మ వైపు చూసింది. మునెమ్మ బెంచీ మీద తన పక్కనున్న ఖాళీ జాగాను కాసేపు అరచేత్తో నిమిరింది.

"ముగ్గురమప్పా" అంది. "ముగ్గురమే."